అమెరికాలో మనవరాలు 7 పౌండ్ల 6 ఔన్సులు పుట్టిందంటే కేజీల్లో ఎంత? నేను లెక్క వేస్తే 3.45 వచ్చింది, సరేనా?

3.345 కేజీలండీ. మీరు దాన్ని 7.6 పౌండ్లుగా తీసుకుని 3.45 అని వేశారు, తేడా అక్కడే వచ్చింది. పౌండుకి 16 ఔన్సులు, పది కాదు. మొత్తం ఔన్సుల్లోకి మార్చుకుంటే తేలిక. ఏడు పదహార్లు 112, పైన ఆరు కలిపితే 118. ఔన్సు 28.35 గ్రాములు. గుణిస్తే 3,345 గ్రాములు.

వంద గ్రాములే కదా అనిపిస్తుంది గానీ పసిపిల్లల దగ్గర అది చిన్న లెక్క కాదు. పుట్టిన కొత్తలో బిడ్డ కాస్త బరువు తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకి వస్తుంది. తర్వాత రోజుకి పాతిక ముప్పై గ్రాములు పెరుగుతుంది. మొదటి అంకె వంద ఎక్కువ రాసుకుంటే, చక్కగా పాలు తాగే పిల్ల కూడా చిక్కిపోయినట్టు కనిపించి అందరికీ టెన్షన్.

మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్లినప్పుడు ఇంట్లో పిల్లల్ని తూచే మెషిన్ ఉండేది. బటన్ నొక్కితే ఓసారి కేజీలు, ఓసారి పౌండ్లు-ఔన్సులు, ఓసారి పౌండ్లు దశాంశాల్లో చూపించేది. అల్లుడు ఒకలా, అమ్మాయి ఒకలా చూసి ఫ్రిజ్ మీద కాగితంలో రాసేవాళ్లు. అంతా కలగాపులగం. నేను దాన్ని కేజీల్లో పెట్టి బటన్ మీద టేపు అంటించేశాను. ఇక్కడ మా అత్తగారికైతే కేజీలు కూడా పట్టవు. వీశె 1.4 కేజీల లెక్కన ఆవిడకి వేరే చెప్పాల్సి వచ్చింది!

చుట్టాలు "బరువు తక్కువా?" అని అడిగితే భయపడకండి. తక్కువ బరువు అనేది 2.5 కేజీల లోపు పుడితేనే, అంటే సుమారు 5 పౌండ్ల 8 ఔన్సులు.

నోటి లెక్కకి పౌండ్లని సగం చేసి అందులో పదోవంతు తీసేయండి. 12 పౌండ్లయితే 6 లోంచి 0.6 పోతే 5.4 కేజీలు. కేజీల్ని పౌండ్లు చేయాలంటే రెట్టింపు చేసి పదోవంతు కలపాలి. విమానంలో 23 కేజీల పెట్టెని 50 పౌండ్లు అనేది అందుకే.

పాలసీసా మీద ఉండే ఔన్సులు మాత్రం బరువు కావు, ద్రవం కొలత. ఒక్కోటి దాదాపు 30 మిల్లీలీటర్లు.

ముందు ముందు మందుల విషయంలో జాగ్రత్త. ఇక్కడ ఇండియాలో డాక్టరుకి వాట్సాప్‌లో "పాప 12 ఉంది" అని పెట్టారనుకోండి, ఆయన కేజీలనుకుంటే డోసు రెట్టింపు దాటిపోతుంది. పౌండ్లా కేజీలా రాసి, మందు సీసా లేబుల్ ఫోటో కూడా పంపండి. మూడు నెలల లోపు జ్వరం వస్తే అసలు వాట్సాప్ వద్దు, వెంటనే అక్కడి డాక్టరుకే చూపించమనండి.