షాపులో బ్లౌజ్ గుడ్డ రంగుతో కలిసిన ఎంబ్రాయిడరీ దారం ఇంట్లో వేరే రంగుగా ఎందుకు కనిపిస్తుంది?

దారం మారలేదు, మీద పడే వెలుగు మారింది. సికింద్రాబాద్ జనరల్ బజార్ షాపుల్లో పసుపు లైట్ల కింద (2700–3000 కెల్విన్; ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగేకొద్దీ తెల్లగా ఉంటుంది) ఎరుపు, బంగారు రంగులు నిండుగా కనిపిస్తాయి, నీలాలు మసకబారతాయి. ముదురు నీలం నలుపులా కనిపించేది అక్కడే.

అసలు చిక్కు ఇంకోటుంది. బ్లౌజ్ గుడ్డకూ దారానికీ వాడిన అద్దకాలు వేరు. ఒక లైటు కింద అచ్చంగా కలిసిన రెండూ ఇంకో లైటు కింద విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. తెల్లదారంతో మరీ జాగ్రత్త: తెలుపు కోసం కలిపే రసాయనం ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నీలంగా మెరుస్తుంది, చాలా ఎల్ఈడీల కింద మెరవదు. ఆఫ్‌వైట్ పట్టు మీద అది పగలు ఎబ్బెట్టుగా తేలిపోతుంది.

కాబట్టి బ్లౌజ్ ముక్కను వెంట తీసుకెళ్లండి. రీలును షాపు గుమ్మం దగ్గరికి తెచ్చి, నేరుగా ఎండలో కాకుండా నీడలో చూడండి. రీలు మీద రంగు చిక్కగా ఉంటుంది, ఒంటి పోగు లేతగా కనిపిస్తుంది. అందుకే ఏడెనిమిది పోగులు పక్కపక్కన గుడ్డ మీద పరిచి పోల్చండి. సిల్క్ దారమైతే ముక్కను అటూ ఇటూ తిప్పండి, కుట్టు దిశ మారితే మెరుపుతో పాటు ఛాయా మారుతుంది. రాత్రి ఫంక్షన్‌కి వేసుకునేదైతే పసుపు లైటు కింద బాగున్న దారానికే నా ఓటు.

ఎంబ్రాయిడరీ చేసే మగ్గం దగ్గర మాత్రం 5000–6500 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 పైన ఉన్న బల్బు పెట్టండి. ఈ అంకెలు డబ్బా మీద చూసి కొనండి.