వలంటీర్లు కావలెను అంటే ఎవరొస్తారు?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నా. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, గుడి పుస్తకాలు అన్నీ అను అనే పాత తెలుగు ఫాంట్లలోనే కొట్టినాం. ఇప్పుడు అందరూ వచ్చి అదే మ్యాటర్ ఫోన్లో చదువుకునేట్టు కావాలంటున్నారు. వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మళ్లీ టైపు చేసే ఓపిక లేక, యూట్యూబ్ చూసి పైథాన్ నేర్చుకుని, అను నుంచి యూనికోడ్‌కు, అంటే ఫోన్లలో చదవగలిగే తెలుగు అక్షరాలకు, మార్చే ప్రోగ్రాం ఒకటి రాసినా. మామూలు మాటలు బాగానే వస్తాయి, వత్తులున్న చోట తప్పుతోంది. కోడ్ గిట్‌హబ్‌లో (ప్రోగ్రాంల కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టి ఎనిమిది నెలలైంది. ‘ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు వలంటీర్లు కావలెను’ అని ఫేస్‌బుక్‌లో, నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినా. లైకులు బాగానే వచ్చినాయి, మనిషి ఒక్కడూ రాలేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి ‘ఐదు వేలేనా, పెంచుతారా’ అని అడిగినాడు. నాకు డబ్బులిచ్చే స్తోమత లేదు. మనుషుల్ని ఎక్కడ వెతకాల?
– ఒక డీటీపీ షాపు యజమాని, ప్రొద్దుటూరు

జవాబు: ఆయన తప్పేం లేదన్నా. 2019 ఆగస్టు నుంచి కొన్నేళ్లపాటు మన రాష్ట్రంలో వలంటీరంటే గ్రామ, వార్డు సచివాలయం తరఫున ఇల్లిల్లూ తిరిగి, నెలకు ఐదు వేలు గౌరవ వేతనం తీసుకునే మనిషే. మీ పోస్టు చూసి ఆయనకు అదే గుర్తొచ్చింది. ముందు ఆ మాట తీసేయండి.

కానీ అసలు ఇబ్బంది ఆ మాటతో కాదు. మీరు నాకు రాసిన ఉత్తరంలో వత్తుల దగ్గర తప్పుతోందని స్పష్టంగా చెప్పినారు, పోస్టులో మాత్రం ఆ ముక్క లేదు. చదివినవాడికి పని ఏందో, ఎంతసేపు పడుతుందో, తనకు వచ్చిన పనో కాదో తెలియలేదు, లైకు కొట్టి పోయినాడు. నేనైనా అదే చేసేవాణ్ణి. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి, మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల మధ్య ఒక ఉత్తరం పెట్టినాడు. సరదాకు నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నా, పెద్దదేం కాదు, మినిక్స్‌లో మీకు నచ్చినవీ నచ్చనివీ చెప్పండి అన్నది దాని సారాంశం. మనుషులు కావాలని అందులో లేదు. రోజూ మినిక్స్‌తో తంటాలు పడేవాడు అక్కడికక్కడే జవాబు రాయగలిగిన ప్రశ్న అడిగినాడు. అదే తర్వాత లినక్స్ అయింది. మీరూ అట్లాంటి ప్రశ్నే అడగాల, అదే బాధ పడుతున్నవాళ్లను అడగాల.

ఆ బాధ పడుతున్నది ఎవరో చూడండి. కోడ్ రాసే పిల్లోళ్లు కాదు, మీలాంటి షాపులవాళ్లే. అను ఫైల్లో ఉన్నది తెలుగు కాదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలవి. ‘మొక్కి’ అని కొడితే అందులో ‘కి’ బొమ్మ ముందు, కావత్తు బొమ్మ తర్వాత ఉంటాయి. యూనికోడ్‌కు అట్ల కుదరదు, క, పొల్లు, మళ్లీ క, అన్నిటికంటే చివర గుడి రావాల. అంటే మీ ప్రోగ్రాం బొమ్మను అక్షరంగా మార్చడమే కాదు, వరస కూడా తిప్పాల. ‘శాస్త్రి’, ‘రాష్ట్రం’ లాంటి చోట రెండు వత్తులు ఒకదాని వెంట ఒకటి వస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. పైగా అను పాత వెర్షన్లో కొట్టిన ఫైలు ఒక రకం, కొత్త దాంట్లో కొట్టింది ఇంకో రకం. ఇవన్నీ ఒక్కరి దగ్గరున్న ఫైళ్లతో బయటపడవు. కడపలో, జమ్మలమడుగులో, కర్నూలులో, అనంతపురంలో ఉన్న షాపుల ఫైళ్లు కావాల. కాబట్టి మీకు ముందు కావాల్సింది ప్రోగ్రామర్లు కాదు, పాత ఫైళ్లున్నవాళ్లు.

వాళ్లను గిట్‌హబ్‌కు రమ్మంటే రారు, రమ్మనకండి. తప్పుగా మారిన లైను ఒకటి, అదే లైను ప్రింటు ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి చాలు. గిట్‌హబ్‌లో మీరు ఎక్కించుకోండి. అయితే ఒక జాగ్రత్త. పెళ్లి పత్రికల్లో ఫోన్ నంబర్లుంటాయి, దస్తావేజుల డ్రాఫ్టుల్లో సర్వే నంబర్లు, పేర్లు ఉంటాయి. ఫైలు ఫైలుగా బయట పెట్టొద్దు, తప్పొచ్చిన మాట వరకే తీసుకోండి. అను ఫాంటు ఫైలును కూడా మీ కోడ్ పక్కన పెట్టొద్దు, అది మీది కాదు. పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి.

రెండో రకం మనుషులు స్పెల్లింగు చూసేవాళ్లు. మీ ఊళ్లో రిటైరైన తెలుగు అయ్యవారు ఒకరైనా ఉంటారు, మారిన పేజీ ప్రింటు తీసి, ఎర్ర పెన్ను ఇచ్చి చూడండి, వద్దన్నా దిద్దుతారు. (మన కడపలోనే బ్రౌన్ దొర బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టి, తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టి తప్పులు దిద్దించినాడు. ఇంచుమించు ఇదే పని. కాకపోతే ఆయన సొంత డబ్బుతో జీతాలిచ్చినాడు. మీరు ఊరికే అడుగుతున్నారు కాబట్టి, కనీసం కాఫీ మీది.) ఆ అయ్యవారి పేరు ప్రాజెక్టు మొదటి పేజీలో రాయండి. కోడ్ రాసినవాళ్ల పేర్లే ఉండాలన్న రూలేం లేదు.

ఇంక కోడ్ రాసేవాళ్లు. మీరు పంపిన లింకు తెరిచి చూసినా. లైసెన్సు లేదు. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల కోడ్, కాదన్నా, లైసెన్సు లేకపోతే హక్కులన్నీ మీవే, వేరేవాళ్లు దాన్ని మార్చుకోవడానికీ పంచుకోవడానికీ అనుమతి లేనట్టే. తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు. ఎవరైనా ఏమైనా చేసుకోనీ అనుకుంటే ఎమ్‌ఐటీ అనే లైసెన్సు పెట్టండి, దీన్ని మార్చి పంచేవాడు తన మార్పులు కూడా బయట పెట్టాల్సిందే అనుకుంటే జీపీఎల్ పెట్టండి. పది నిమిషాల పని. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో మీ షాపు చరిత్ర ఉంది, బాగుంది గానీ, పైన మాత్రం ఒక బొమ్మ పెట్టండి, ఎడమ పక్క పిచ్చి గీతలు, కుడి పక్క తెలుగు. దాని కింద ఎట్ల నడపాలో నాలుగు లైన్లు. సంగతి అర్థం కావడానికి అది చాలు.

ఆ తర్వాత పనిని తుంచండి. ‘వత్తులు సరిచేయాలి’ అన్నది పని కాదు, కొండ. ‘రెండు వత్తులు వచ్చినప్పుడు గుడిదీర్ఘం తప్పు చోట పడుతోంది, ఇదిగో ఐదు ఉదాహరణలు, ఫలానా ఫైల్లో ఫలానా ఫంక్షన్ చూడండి’ అంటే అది ఒక సాయంత్రం పని. అట్లాంటివి ఆరేడు రాసి, గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే చీటీ అంటించండి. కొత్తగా వచ్చేవాళ్లు వెతికేదే దాన్ని. మీకు అరగంటలో అయ్యేదాన్ని కూడా కావాలనే వదిలేయండి. ఇది కష్టం, నాకు తెలుసు, చేతులు ఊరుకోవు.

ఎక్కడ అడగాలంటే, ముందు తెలుగు వికీసోర్స్‌లో. పాత పుస్తకాల స్కాన్లు పేజీ పేజీ చూసి తప్పులు దిద్దేవాళ్లు అక్కడున్నారు, డీటీపీ ఫైలు నుంచి నేరుగా అక్షరాలు వస్తే ఎంత పని తప్పుతుందో వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. ఉత్త చేతులతో పోకండి, రెండు రోజులు వాళ్ల పని చేసి ఆ తర్వాత మీది చెప్పండి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు తెలుగు సాఫ్ట్‌వేర్ మీద కాలేజీ పిల్లలతో చాలాకాలంగా పనిచేస్తున్నారు, వాళ్లకూ రాయండి. అట్లే పద్మ అని ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, పత్రికలు సొంత ఫాంట్లు వాడే రోజుల్లో వాటి వెబ్‌సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. దాని కోడ్ చదవండి, మీరు ఆరు నెలలు తల పట్టుకున్నది అందులో ముందే ఉండొచ్చు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మీకు దగ్గరే, పిల్లలు చురుకైనవాళ్లు, అడగండి. కానీ సర్టిఫికెట్ ఆశ చూపించి మాత్రం పిలవొద్దు. హాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా అక్టోబర్‌లో జరిగే పండగ ఒకటుంది, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవాళ్లు. 2020లో టీషర్టు కోసం ప్రపంచమంతా చెత్త మార్పులు పంపింది, ఎక్కువగా మన దేశం నుంచే అని నిందలు కూడా పడినాయి. చివరికి ఇష్టమున్న ప్రాజెక్టులే చేరేట్టు నిర్వాహకులు రూలు మార్చుకోవాల్సి వచ్చింది.

చివరిగా నా తప్పొకటి చెప్తా. అనంతపురం చుట్టుపక్కల రైతులు వాన ఎంత పడిందో, విత్తేంత పదునైందో లేదో రాసుకునే చిన్న యాప్ ఒకటి చేసినా నేను. తాడిపత్రి అబ్బాయి ఒకడు, తారీఖులు తప్పు పడుతున్నాయని కనిపెట్టి, సరిచేసి, కోడ్ పంపినాడు. ఇంట్లో పెళ్లి పనుల్లో పడి మూడు వారాలు దాన్ని తెరవలేదు. తెరిచి థాంక్స్ చెప్పేసరికి ఆ పిల్లోడు పరీక్షల్లో ఉన్నాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత చూసినా, నేను రెండు రోజుల్లో మొదటి జవాబు ఇచ్చిన మనుషుల్లో సగం మందైనా రెండోసారి వచ్చినారు. చూడ్డానికి టైం లేకపోతే ‘అందింది, ఆదివారం చూస్తా’ అని ఒక ముక్క రాయండి. ఆదివారం చూడండి.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం. ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే ఉద్యోగం వస్తుందని సీనియర్లు అంటున్నారు. నాకు కోడింగ్ అంతంత మాత్రం. ‘నాకేదైనా పని ఇవ్వండి’ అని పది ప్రాజెక్టులకు రాశా, ఎవరూ పలకలేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: పని ఇవ్వండి అంటే ఇవ్వడం కూడా వాళ్లకు ఒక పనేనమ్మా, అందుకే పలకలేదు. నువ్వు రోజూ వాడే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకో, రీడ్‌మీలో చెప్పినట్టు నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించు. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎక్కడ ఆగింది, ఏ ఎర్రర్ వచ్చింది, నువ్వేం చేస్తే పోయింది, అంతా రాసి పంపు. అది కూడా కాంట్రిబ్యూషనే. ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను, ఇంటర్వ్యూలో చూపించడానికి నీ సొంత పని ఒకటుంటుంది. ఈ కాలమ్ పైన ప్రొద్దుటూరు అన్న ఉత్తరం చదివినావు కదా, నీకు తెలుగు వత్తులు వచ్చు కదా?

ప్రశ్న: కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరలు చూపించే యాప్‌ను ఒక్కణ్ణే నడుపుతున్నా. ముఖం తెలియని ఒకాయన నాలుగు నెలలుగా మంచి కోడ్ పంపుతున్నాడు. ‘మీకు టైం లేదు కదా, అకౌంట్ నాకివ్వండి, నేనే చూసుకుంటా’ అంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: అకౌంట్ ఇవ్వొద్దు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. కానీ లినక్స్ కంప్యూటర్లలో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాం విషయంలో ఇట్లే జరిగింది. ఒక్కడే నడుపుతూ అలసిపోయినవాడి పక్కన ఒక కొత్త మనిషి చేరి, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి వేరేవాళ్ల కంప్యూటర్లలోకి చొరబడే దొంగదారి అందులో పెట్టినాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేందని తవ్వితే బయటపడింది. మీ వాడికి ఆయన సొంత అకౌంట్ మీదే మార్పులు కలిపే అనుమతి ఇవ్వండి, కొత్త వెర్షన్ విడుదల చేసే తాళం మీ దగ్గరే పెట్టుకోండి, అకౌంట్‌కు రెండంచెల లాగిన్ పెట్టండి. ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడదాం అని కూడా అడగండి, ఏమంటాడో నాకు రాయండి.