డ్రైవింగ్ చూసి తగ్గించే ప్రీమియం: ఏజెంట్ మాట నమ్మొచ్చా?
అన్నా, అబ్బాయికి కొత్తగా లైసెన్సు వచ్చింది, కారులో డివైజ్ పెట్టిస్తే ప్రీమియం సగానికి సగం తగ్గుతుందని ఏజెంట్ అంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు కదా. సగం మాట నమ్మకండి. డ్రైవింగ్‌ని బట్టి ప్రీమియం లెక్కగట్టే ఇలాంటి యాడ్‌ఆన్లకి (పాలసీకి అదనంగా తీసుకునే కవర్లకి) బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలో ఒప్పుకున్న మాట నిజమే, కానీ తగ్గేది ఓన్ డ్యామేజ్ భాగంలోనే, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టేదాంట్లోనే; ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం ఖరారు చేసేది, అబ్బాయి ఎంత జాగ్రత్తగా నడిపినా అందులో రూపాయి తగ్గదు. కొటేషన్‌లో రెండూ విడివిడిగా రాయించుకోండి. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్ నుంచి సమాచారం తీసుకునే సాకెట్‌కి) తగిలించే డివైజ్ స్పీడే కాదు, సడన్ బ్రేకులు కూడా పట్టుకుంటుంది, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆటో అడ్డంగా దూరినప్పుడు కొట్టిన బ్రేకు కూడా లెక్కలో పడొచ్చు, కాబట్టి ముందు బండికి గ్యాప్ వదలడం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి. ఫోన్ యాప్‌తో నడిచే పాలసీ అయితే, అబ్బాయి ఫ్రెండ్స్ కారులో ఊరికే కూర్చుని వెళ్లిన ట్రిప్పులు కూడా తనే నడిపినట్టు లెక్కలో పడొచ్చు, వాటిని తీసేయొచ్చో లేదో కొనేముందే అడగండి.