ఆసుపత్రిలో ఉన్నవారు ఖైదీలా?

సందేహం: న్యూయార్క్ రాష్ట్రంలో మూతపడిన విల్లార్డ్ మానసిక ఆసుపత్రి పాత రికార్డుల మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘ఇన్‌మేట్’ని ఖైదీ అనీ, ‘ఇన్‌సేన్’ని మానసిక వికలాంగుడు అనీ రాశాను. ‘పిచ్చివాడు’ మరీ మొరటుగా ఉందని వాడలేదు. సరైనదేనా?

సమాధానం: ముందు ‘ఖైదీ’ని తీసేయండి. ఇన్‌మేట్ అంటే మొదట్లో ఒకే ఇంట్లో కలిసి ఉండేవారని అర్థం. ఆసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో ఉండేవాళ్లనీ అలాగే రాసేవారు. ఇప్పుడు ఆ మాట వినగానే మనకు జైలే గుర్తొస్తుంది. విల్లార్డ్‌కి తొలినాళ్లలో వచ్చినవాళ్లలో చాలామంది కౌంటీలు నడిపే పేదల వసతి గృహాల నుంచి వచ్చారు, నేరం చేసి కాదు. ‘అక్కడ ఉంటున్నవారు’ అంటే చాలు. ఇంకొకటి: 1869లో తెరిచినప్పుడు దాని పేరులో ఉన్నది అసైలం, 1890లో స్టేట్ హాస్పిటల్ అయింది. అందుకని 1890 దాకా ‘శరణాలయం’ అనీ, ఆ తర్వాత ‘ఆసుపత్రి’ అనీ రాయండి.

‘మానసిక వికలాంగుడు’ కూడా కుదరదు. మానసిక జబ్బు వేరు, ఆ మాట వినగానే తట్టే బుద్ధిమాంద్యం వేరు. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ రెంటినీ విడదీసింది. పైగా రికార్డులోని మాటను మెత్తబరిస్తే, ఆ మనిషి మీద ఏ ముద్ర వేసి ఏళ్ల తరబడి అక్కడ ఉంచారో పాఠకుడికి తెలియదు. మన దేశంలోనూ 1912 లూనసీ చట్టంలోని ‘లూనటిక్’ (పిచ్చి ఉన్న మనిషి) అన్న మాట 1987లో కొత్త చట్టం చేసేదాకా పోలేదు. కాబట్టి రికార్డులోంచి ఎత్తి రాసేచోట ‘పిచ్చి’ అనే రాయండి, కొటేషన్ గుర్తుల్లో. మీ సొంత వాక్యంలో మాత్రం ‘మానసిక వ్యాధి ఉన్నవారు’ అనండి.

అసలు ‘పిచ్చివాడు’లో మొరటుదనం పిచ్చిలో కంటే ‘వాడు’లోనే ఎక్కువ. ‘పిచ్చితల్లీ’ అని ముద్దుగా పిలుచుకుంటాం కదా! ఇంగ్లీషు రికార్డులో ‘హీ’, ‘షీ’ అని ఉంటాయి, వాటిలో చిన్నచూపూ లేదు, మన్ననా లేదు. తెలుగులోకి రాగానే వాడా, అతడా, ఆయనా అని మనం తేల్చుకోక తప్పదు. డాక్టర్ రాయని తిట్టును అనువాదకుడు చేర్చకూడదని నా గట్టి అభిప్రాయం. రాజు, మంత్రి అయితే ‘ఆయన’ అని రాసే చేయి రోగి దగ్గరికి వచ్చేసరికి ‘వాడు’ అని ఎందుకు రాయాలి?

1995లో ఆ ఆసుపత్రి మూసేటప్పుడు అటక మీద రోగుల పెట్టెలు 400కి పైగా దొరికాయి. బట్టలు, ఉత్తరాలు, ఫొటోలు, ఇంటి దగ్గర సర్దుకున్నవి సర్దుకున్నట్టే ఉన్నాయి. అలా ఒక పెట్టెతో వచ్చినావిడ గురించి రాసేటప్పుడు ‘వచ్చింది’ అన్నచోట ‘వచ్చారు’ అని మార్చి, ఒకసారి పైకి చదివి చూడండి.