షూ ఒత్తుతోందని చెప్పులే వేసుకుంటున్నా.. మేకు దిగినా నొప్పి తెలియలేదు!

ప్రశ్న: నా వయసు 44. జీడిమెట్లలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పదిహేనేళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాను. ఏడేళ్ల నుంచి షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. పోయినేడాది మా ఓనర్ సేఫ్టీ షూ ఇచ్చారు. అవి వేసుకుంటే చిటికెన వేలు ఒరుసుకుపోతోంది, సాయంత్రానికి పాదాలు మండిపోతున్నాయి. అందుకే మళ్లీ హవాయి చెప్పులకే వచ్చేశాను. మూడు వారాల క్రితం చెప్పులోంచి కాలికి మేకు దిగింది. పెద్దగా నొప్పి లేదని పసుపు పెట్టి ఊరుకున్నాను. షుగర్ ఉన్నవాళ్లు ఇలాంటి షూ వేసుకోవచ్చా? ఎలాంటివి చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగింది షూ గురించి. కానీ మీ ఉత్తరంలో ‘పెద్దగా నొప్పి లేదు’ అన్న మాట దగ్గర నా గుండె గుభేలుమంది. అరికాల్లో మేకు దిగితే ఎవరైనా కేక పెట్టాలి. పెట్టలేదంటే మేకు చిన్నదని కాదు, పాదంలో స్పర్శ తగ్గిందని అనుమానించాలి. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నప్పుడు మొదట మొద్దుబారేది కాలివేళ్ల చివర్లే. నొప్పి అనే కాపలా లేని పాదానికి చిన్న గాయం కూడా ప్రమాదమే.

అందుకే ముందు ఆ గాయం సంగతి. మేకు చేసే రంధ్రం సన్నగా, లోతుగా ఉంటుంది. పైచర్మం నాలుగు రోజుల్లో అతుక్కుంటుంది, మానిపోయిందనుకుంటాం. మేకుతో పాటు లోపలికి వెళ్లిన చెప్పు రబ్బరు తునక, మట్టి మాత్రం అక్కడే ఉండిపోవచ్చు. రబ్బరు సోల్ గుండా దిగిన మేకు గాయాల్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి ఎముక దాకా పాకడం చూస్తుంటాం. అది కొన్నిసార్లు వారాల తర్వాత గానీ బయటపడదు. రేపే మీ బస్తీ దవాఖానాలో పాదం చూపించి, షుగర్ పరీక్ష చేయించుకోండి. ఎక్స్-రే, సర్జన్ అవసరమైతే గాంధీకో ఉస్మానియాకో వెళ్లండి. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని ఐదేళ్లు దాటితే అదీ చేయించుకోండి. వాపు, ఎరుపు, చీము, జ్వరం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇకపై గాయం మీద పసుపు, కాఫీ పొడి, పెట్రోలు లాంటివేవీ పెట్టకండి. సబ్బు నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి ఆస్పత్రికి వస్తే చాలు.

పాదంలో స్పర్శ ఎంత ఉందో తెలుసుకోవడానికి సన్నని నైలాన్ దారంతో ఒక పరీక్ష ఉంది. కళ్లు మూసుకోమని, దారాన్ని పాదం మీద అక్కడక్కడా ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. షుగర్ ఉన్నవాళ్లందరూ ఏడాదికి ఒక్కసారైనా చేయించుకోవాలి. ఇంకో సంగతి గమనించండి. షూ విప్పాక అరగంటలో మంట తగ్గిపోతే తప్పు షూది. రాత్రి పడుకున్నాక కూడా పాదాలు మండుతుంటే, దుప్పటి తగిలినా చిరచిరలాడుతుంటే అది నరాల మంట. షూ మార్చినంత మాత్రాన అది పోదు, డాక్టరుకు చెప్పి మందు వాడాలి.

ఇక మీ ప్రశ్న. షుగర్ ఉన్నవాళ్లు సేఫ్టీ షూ వేసుకోవచ్చు. మీ పనిలో మీకే అందరికంటే ఎక్కువ అవసరం. కాకపోతే మీ పాదానికి సరిపోయినవే అయి ఉండాలి. ముందుభాగంలో ఇనుప టోపీ ఉంటుంది కదా, అది తోలులా సాగదు. ‘వేసుకుంటుంటే అదే వదులవుతుంది’ అనే మాట ఈ షూకి వర్తించదు. మీకిచ్చిన జత చిటికెన వేలిని ఒరుస్తోందంటే వెడల్పు చాలలేదన్నమాట. పొడవు సరిపోయినా వెడల్పు చాలక బాధపడేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు.

కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి. సాయంత్రం, పని నుంచి వచ్చాక, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించుకోండి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. షాపులో షూ లోపలి మెత్తని అట్ట బయటికి తీసి ఆ గీత మీద పెట్టండి. వేలు ఏ పక్కనైనా అట్ట దాటితే ఆ జత మీది కాదు. పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ‘వేసుకుంటే బాగుంది’ అన్న మాటను మాత్రం మీరు నమ్మకండి. స్పర్శ తగ్గినవాళ్లకు బిగుతు షూనే సరిగ్గా పట్టినట్టు అనిపిస్తుంది. కాగితం చెప్పిందే వినండి.

రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల షాపులున్నాయి, అక్కడ నాలుగు జతలు వేసి చూడొచ్చు. ఐఎస్ఐ మార్కు, దాని దగ్గర ఐఎస్ 15298 నంబరు ఉండాలి. లైసెన్సు నంబరు అసలుదో కాదో, ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో చూసుకోవచ్చు. ఆ ప్రమాణంలో పార్ట్ 2 కింద వచ్చే షూ ముందుభాగం 200 జూళ్ల దెబ్బకు తట్టుకోవాలి. దాదాపు 20 కిలోల ఇనుప ముక్క మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ అది. మేకు దిగకుండా అరికాలి కింద ప్లేటు కావాలంటే ‘ఎస్1పి’ లేదా ‘ఎస్3’ అని ఉన్నవి అడగండి. మీకు అదే ముఖ్యం. వెల్డింగ్ రవ్వలకు పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) సోల్ కరిగిపోతుంది. నైట్రైల్ రబ్బరు సోల్, ‘హెచ్ఆర్ఓ’ అన్న గుర్తు ఉంటే 300 డిగ్రీల వేడి మీద నిమిషం సేపు నిలబడగలదు. పైభాగం తోలుదే కావాలి. లేసుల్లో రవ్వలు ఇరుక్కుంటాయి, వాటిని కప్పే పట్టీ ఉన్నవి చూసుకోండి. ప్యాంటు షూ మీద నుంచి వేలాడనివ్వండి, లోపలికి దోపితే రవ్వలు నేరుగా కాల్లోకే పోతాయి.

కొత్త జతను మొదటి రోజే షెడ్డుకు వేసుకెళ్లకండి. ఇంట్లో గంట వేసుకుని విప్పి చూడండి. ఎర్రటి మచ్చ అరగంటైనా పోలేదంటే అక్కడ ఒత్తుతున్నట్టే. నూలు సాక్సులు రోజూ మార్చండి. వానాకాలంలో తడిసిన షూలో పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. తడి సాక్సుల్లో కాలివేళ్ల సందులు నానిపోయి పాచిపోతాయి.

ఆ మధ్య ఒక టైల్స్ మేస్త్రీ నా దగ్గరికి వచ్చారు. ఆయనకూ షుగరే. అరికాల్లో పుండు, ఎలా అయిందో తెలియదన్నారు. పుండు చూస్తే కూడిక గుర్తులా ఉంది. షూ బోర్లిస్తే టైళ్ల మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క కింద పడింది. రెండు రోజులు దాని మీదే నడిచారట! షూ వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులపండి, చేయి లోపలికి పెట్టి తడిమి చూడండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి.

మీ ఓనర్ అడగకుండానే షూ ఇచ్చారు కాబట్టి మాట వినే మనిషే అనుకుంటాను. సైజు పడలేదని మొహమాటం లేకుండా చెప్పండి, కొలత గీసిన కాగితం ఇచ్చి మార్పించమనండి. ఆ ఖర్చు మీ జీతంలోంచి పోవాల్సింది కాదు. గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెప్పేదాకా కొత్త షూతో అయినా రోజంతా నిలబడకండి. ఈ కొన్నాళ్లు కూర్చుని చేసే పని ఇమ్మని అడగండి, అవసరమైతే డాక్టరు చీటీ రాసిస్తారు.