బుజ్జమ్మకు, వ్యాన్‌లో ఫ్రిజ్ ఎక్కించే ముందు

తిరుపతి,
ఆదివారం

బుజ్జమ్మా,

శుక్రవారం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ అల్లుడూ ట్రావెలర్ వ్యాన్ కొన్నారట, లోపల మంచాలూ స్టవ్వూ పెట్టించారట, అలిపిరిలో పూజ కూడా అయిపోయిందట. ఇంట్లో ఉన్న 190 లీటర్ల ఫ్రిజ్‌నే అందులోకి ఎక్కించి, రాత్రంతా బ్యాటరీ మీద నడుపుతూ మీ అమ్మను హార్స్‌లీ హిల్స్ తీసుకుపోతారట. కారవాన్ అంటే సినిమావాళ్ళకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఫోన్ పెట్టేశాక మీ అత్త దగ్గర గొప్పలు పోయాను. వేసవి సెలవుల్లో రేణిగుంట రోడ్డు మీది నా బ్యాటరీ షాపులో స్టూలెక్కి, యాసిడ్ బలం కొలిచే హైడ్రోమీటర్ కళ్ళముందు పెట్టుకుని "మామా, పన్నెండు యాభై!" అని అరిచే పిల్ల ఇప్పుడు సొంతంగా బండికి వైరింగ్ చేస్తోందని చెప్పాను. పడుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. రెండు రాత్రులూ అంతే. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు లెక్క. నువ్వు ఈపాటికే వేసి ఉంటావు, అయినా నా తృప్తి కోసం చదువు. ఫ్రిజ్ మీద నక్షత్రాల స్టిక్కర్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. 200 అనుకో. రోజుకు అర యూనిట్ పైచిలుకు. అది కంపెనీ పరీక్ష గదిలో వచ్చిన అంకె. మన ఎండకు కాగిన రేకుల బండిలో, మీ అమ్మ గంటకోసారి తలుపు తీసే ఫ్రిజ్‌లో ముప్పావు యూనిట్ వేసుకో. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు కదా, పది గంటల రాత్రికి దాదాపు 300 వాట్ అవర్లు. ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా పది పదిహేను వాట్లు తింటూనే ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. తెల్లారేసరికి అదొక 150. మార్పిడిలో పోయేది ఇంకో 50. ఫ్యాన్లు, లైట్లు, మీ ఫోన్లు కలిపి 250. మొత్తం 750. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలో, అదే ఇళ్ళలో ఇన్వర్టర్‌కు పెట్టే లెడ్ యాసిడ్ రకంలో, ఉండేది 1800. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందకు దించితే దాని ఆయుష్షు నువ్వే తినేసినట్టు, కాబట్టి 900 అనుకో. అంటే ఒక రాత్రికి సరిపోతుంది, కానీ అంచు మీద. బ్యాటరీ పాతదైతే ఆ అంచు కూడా ఉండదు.

కష్టం రాత్రిది కాదు, మర్నాటిది. సగం ఖాళీ అయిన లెడ్ యాసిడ్ పూర్తిగా నిండాలంటే ఎనిమిది పది గంటలు పడుతుంది, చివరి భాగమైతే మరీ నిదానం. మీరు కొండ మీద వ్యాన్ ఆపుకుని కూర్చుంటే ఎక్కడి నుంచి నిండుతుంది? రెండో రాత్రికి ఫ్రిజ్ ఆగిపోతుంది, అల్లుడి ముందు నా పరువు పోతుంది. డబ్బు ఉంటే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకో. అందులో వెయ్యి వాట్ అవర్లు ధైర్యంగా వాడొచ్చు, ఘాట్ మలుపుల్లో యాసిడ్ తొణకదు, త్వరగా నిండుతుంది. ఇంజిన్ నుంచి నింపాలంటే మాత్రం మధ్యలో కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సరిచేసి పంపే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి, నేరుగా కలపకూడదు. ట్యూబులరే పెడితే దాన్ని పెట్టెలో మూసి, గొట్టం ద్వారా గ్యాస్ బండి బయటికి పోయేలా చెయ్యి. చార్జింగ్‌లో నిప్పు తగిలితే అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. ఆ బ్యాటరీని మంచం కింద పెట్టుకుని పడుకునే మనిషివి నువ్వు కాదనే నమ్మకం.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే ఇంటి కరెంటులా నున్నటి అల ఇచ్చేది తీసుకో, 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) కంటే తక్కువ వద్దు. కంప్రెసర్ నడిచేటప్పుడు వంద వాట్లే లాగినా, స్టార్టయ్యే క్షణంలో ఐదారింతలు లాగుతుంది. ఆగిన ఫ్రిజ్‌ను వెంటనే ఆన్ చెయ్యకు, ఐదు నిమిషాలు ఆగు. వెనక జానెడు సందు వదులు. తలుపుకు బెల్టు కట్టు. బండి సమంగా ఉండే చోట ఆపు. చార్జింగ్ కోసమని రాత్రి ఇంజిన్ ఆన్‌లో పెట్టి లోపల పడుకుంటే మాత్రం నాతో మాట్లాడకు. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, లేపకుండానే తీసుకుపోతుంది.

ఇక అసలు మాట. దీన్ని మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1995 మే నెల, మీ అమ్మ పెళ్ళి. మదనపల్లె దగ్గర మీ నాన్నవాళ్ళ ఊళ్ళో, తెల్లవారుజామున ముహూర్తం. ఆ ఎండల్లో అక్కడ పాలు చాలవని, తిరుపతి నుంచి నలభై లీటర్లు తెస్తానని నేను మాటిచ్చాను. అప్పటికి నా చేతిలో పని కొత్త, ముక్కు మీద గర్వం. మన ఇంటి ఫ్రిజ్‌లో అరలు పీకేసి రెండు క్యాన్లు కూర్చోబెట్టి, మినీ వ్యాన్‌లోకి ఎక్కించాను. నేనే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే నున్నటి అల కాకుండా మొరటు కరెంటు ఇచ్చేది చేసి, బండి బ్యాటరీకే తగిలించాను. మా నాయన "ఐసు గడ్డలు వేసుకో రా, చాలు" అన్నాడు. విన్నానా!

చంద్రగిరి దాటకముందే ఫ్యూజ్ పోయింది. ఆ కరెంటుకు కంప్రెసర్ గుర్రుమంటుంది, తిరగదు, వేడెక్కి టక్కుమని ఆగుతుంది, మళ్ళీ గుర్రుమంటుంది. ఇంకో ఫ్యూజ్ వేశాను. అదీ పోయింది. ఫ్యూజ్ ఎందుకు పోతోందని ఆలోచించాల్సిన మెకానిక్‌ని, చేతిలో ఇంకోటి లేదని విసుక్కున్నాను. డ్రైవర్ సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం తీసి, పోయిన ఫ్యూజ్ చుట్టూ చుట్టి పెట్టేశాను. వెంటనే ఫ్రిజ్ తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను చూడు, అది తలుచుకుంటే ఈరోజుకీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

బ్యాటరీ ముందు, ఫ్రిజ్ వెనక. మధ్య రేకుకు రంధ్రం పెట్టి వైరు లాగాను. ఆ రంధ్రానికి రూపాయి ఖరీదు చేయని రబ్బరు బుష్ వెయ్యలేదు, తొందర. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఊగిన ప్రతిసారీ రేకు అంచు వైరు తొడుగును కోస్తూ పోయింది. కోసి కోసి ఇనుముకు తగిలింది. ఫ్యూజ్ ఉంటే అక్కడితో కథ అయిపోయేది. వెండి కాగితం పోదు కదా. వైరంతా ఎర్రగా కాలి, కింద ఉన్న గోనె సంచులు అంటుకున్నాయి.

ఆ సంచుల మీద మీ చిన్నమామ పడుకుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. క్యాన్లు జారకుండా పట్టుకోమని నేనే వెనక కూర్చోబెట్టాను. కుదుపులకు తలుపు తెరుచుకుంటుందేమోనని బయటి నుంచి గొళ్ళెం పెట్టింది కూడా నేనే.

రేకు మీద గుద్దుతున్న చప్పుడు గుంతలదనుకున్నాం కాసేపు. ఎంతసేపో నాకు తెలియదు, వాణ్ణి ఎప్పుడూ అడగలేదు. ఆపి తలుపు తీస్తే పొగలోంచి దగ్గుకుంటూ బయటపడ్డాడు. అప్పటికే ఎర్రటి వైరును చేత్తో పట్టి లాగేశాడు. వాడి కుడి అరచేతిలో ఆ మెలిక గీత ఉంది చూడు, దీపావళి మతాబు కాలిందని నీకు చెప్పాడే, అది ఈ గీత.

బండి మళ్ళీ స్టార్ట్ కాలేదు. పీలేరు వైపు పోయే లారీవాళ్ళు దయతలచి ఎక్కించుకున్నారు. ముహూర్తానికి అందుకున్నాం, పాలు మాత్రం విరిగిపోయాయి. టైరు పంచరైందని అందరికీ చెప్పాను. వంటాయన ఏమీ అడగలేదు, విరిగిన పాలలో చక్కెరా ఏలక్కాయలూ వేసి బాణలిలో దగ్గరపడేదాకా తిప్పాడు. "నా పెళ్ళిలో తిన్న ఆ తీపి మళ్ళీ ఎక్కడా తినలేదు" అని మీ అమ్మ ఇప్పటికీ అంటుంటుంది కదా. అదీ సంగతి. మీ అవ్వకు మాత్రం తెలుసు. నా చొక్కా వాసన చూసి, చిన్నమామ చేతికి వెన్న రాస్తూ, నా వైపు ఒకసారి చూసింది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపలే ఉండాలి, ఇన్వర్టర్ దగ్గర కాదు. నీ ఇన్వర్టర్‌కు 100 ఆంపియర్లది. కేబుల్ 25 స్క్వేర్ ఎంఎం, మీటరు కంటే పొడవు వద్దు. రేకులోంచి పోయే ప్రతి చోటా రబ్బరు బుష్. బండి స్టార్టింగ్ బ్యాటరీని రాత్రి వాడకంతో కలపకు. లో వోల్టేజ్ అలారం మోగుతోందని దాన్ని పీకేస్తే, నా వెండి కాగితానికీ దానికీ తేడా లేదు.

మీ అమ్మ ఇన్సులిన్ గురించి. అది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ఫ్రీజర్ పెట్టె కింద అరలో పెట్టొద్దు, గడ్డ కడితే పనికిరాదు, కరిగినా వాడకూడదు. తలుపు అరలో పెట్టు. ఒక ఇన్సులిన్ పెన్ను మాత్రం విడిగా ఫ్లాస్కులో వెంట ఉంచుకోండి, ఐసును బట్టలో చుట్టి, పెన్నుకు తగలకుండా. ఫ్రిజ్ ఆగినా నువ్వు కంగారు పడనక్కర్లేదు. తలుపు తీయకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. పగలు బండి నడిచేటప్పుడే ఫ్రిజ్‌ను బాగా చల్లబరిచి, ఖాళీ చోట నీళ్ళ సీసాలు నింపితే ఇంకా మేలు. ఊరిబిండి పచ్చడికి ఫ్రిజ్ అక్కర్లేదని మీ అత్త చెప్పమంది, రెండు డబ్బాలు కట్టిస్తుంది.

వచ్చే ఆదివారం బండి ఇంటికి తీసుకురా. పెద్ద కేబుల్ కొసలకు లగ్గులు (బిగించే లోహపు ముక్కలు) నొక్కే టూల్ నా దగ్గర ఇంకా ఉంది, షాపు మూసినా అమ్మలేదు. ఫ్యూజూ హోల్డరూ కొనొద్దు, నిన్న బజారుకు పోయి తెచ్చేశాను, స్పేర్లు మూడు. చిన్నమామకు ఫోన్ చేసి ఇదంతా నీకు రాస్తున్నానని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వస్తానన్నాడు. వైరింగ్ నన్నే చూసుకోమన్నాడు, వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో తనే చూస్తాడట.

మీ మామ