జాతి తేడా అని తేల్చేముందు, ఆ ఆకు ఎక్కడ కోశారో చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒకే తల్లిచెట్టు గింజలతో పెంచిన ఏడేళ్ల టేకు చెట్లు. గట్టు మీదవి పొట్టిగా, లావుగా, కిందినుంచే కొమ్మలేసి ఉన్నాయి. మధ్య వరసల్లోవి సన్నగా, నిటారుగా పోయాయి. ఆకుల సైజు ఒకదానికొకటి కలవడం లేదు, పుస్తకంలో ఇచ్చిన కొలతతో అయితే అసలే కలవడం లేదు. నర్సరీలో వేరే జాతి ఏమైనా కలిసిపోయిందా, ఇప్పుడున్న చెక్కను చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పొచ్చా అని అడిగారు.

నర్సరీవాళ్లను అప్పుడే అనుమానించకండి. నేను కొన్నాళ్లు నారు పెంచాను, ఆ తర్వాత పన్నెండేళ్లు తోటల్లో చెట్ల కొలతలు తీసే పని చేశాను. మీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. కాకపోతే నేను పదిమంది ముందు బయటపెట్టుకుని నవ్వులపాలయ్యాను.

పనిలో చేరిన కొత్తలో ఆకులు సేకరించి తెమ్మన్నారు. ఒక కట్టలో ఆకులు మూర పైనే ఉన్నాయి, విసనకర్రల్లా. ఇంకో కట్టలోవి జానెడు దాటలేదు, దళసరిగా, బిరుసుగా ఉన్నాయి. రెండు వేర్వేరు కవర్లలో వేసి, రెండో దాని మీద 'వేరే జాతి కావచ్చు' అని రాసి ఇచ్చాను. మా సీనియర్ ఒకాయన రెండు కట్టల్లోంచి ఒక్కో లేతాకు తీసి వేళ్ల మధ్య నలిపారు. రెండుసార్లూ వేళ్లు ఎర్రబడ్డాయి. టేకు లేతాకు నలిపితే అంటుకునే రంగు అది. "ఎక్కడ కోశావయ్యా?" అన్నారు. మొదటిది కొట్టేసిన మోడు మీద లేచిన పిలకలది, రెండోది పక్కనే పూతకొచ్చిన పెద్ద చెట్టు పైకొమ్మలది. "మనవడి చెప్పులు తాతకు పట్టడం లేదని ఇద్దరివీ వేర్వేరు కుటుంబాలంటావా?" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను కవర్ తెచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పుల సైజు అడిగేవాళ్లు.

పుస్తకంలో ఉండే కొలత సాధారణంగా ఎదిగిన చెట్టుది. పరిశోధనల కోసం ఆకులు కోసేవాళ్లు కూడా బాగా ఎండ తగిలే కొమ్మ మీద, పూర్తిగా విచ్చిన, పురుగు కొట్టని ఆకునే ఎంచుకుంటారు. అలా అందరూ ఒకేలా కోస్తేనే ఒక జాతిని ఇంకో జాతితో పోల్చడం కుదురుతుంది. మీరు చెయ్యికి అందిన కింది కొమ్మ మీద కోసి ఉంటారు. అందరం అక్కడే కోస్తాం, నిచ్చెన మొయ్యడం ఎవరికిష్టం?

ఒకే చెట్టులో పై ఆకుకు, కింది ఆకుకు ఎంత తేడా ఉంటుందో మీరే చూడొచ్చు. పూర్తి ఎండలో ఉన్న ఆకు చిన్నగా, మందంగా ఉంటుంది. అందులో పైపొర కింద నిలువుగా పేర్చినట్టుండే కణాలు ఎక్కువ. వెలుతురు దండిగా ఉంది కాబట్టి పట్టుకునే సరంజామా కూడా దండిగా పెట్టుకుంటుంది. నీడలో ఉన్న ఆకు అదే సరుకును పల్చగా పరిచి, దొరికిన కాస్త వెలుతురు కోసం వెడల్పు పెంచుకుంటుంది. మేము గుండ్రటి పంచ్‌తో రెండిట్లోంచీ సమానమైన బిళ్లలు కొట్టి, ఆరబెట్టి తూచేవాళ్లం. ఓ చెట్టు పైకొమ్మ బిళ్లలు కిందివాటికి దాదాపు రెట్టింపు తూగితే తక్కెడ పాడైందనుకుని మళ్లీ తూచాను. తక్కెడ బాగానే ఉంది.

నారు పెంచేవాళ్లకు ఈ సంగతి వేరే రకంగా తెలుస్తుంది. షేడ్ నెట్ కింద పెంచిన మొక్కల్ని ఒకసారి తొందరపడి ఒకేరోజు ఎండలో పెట్టేశాం. మూడో రోజుకల్లా ఆకుల మీద తెల్లటి మచ్చలు, ఆ తర్వాత అట్టలా ఎండిన చారలు. తెగులేమో అని టెన్షన్ పడి మందు కొట్టబోయాం కూడా. తెగులేమీ లేదు. నీడలో తయారైన ఆకు ఎండ ఆకుగా మారలేదు, దాని మందం విచ్చుకునేటప్పుడే ఖాయమైపోతుంది. నెల తిరిగేసరికి కొత్త చిగురు వచ్చింది. ఆ ఆకులు పొట్టిగా, దళసరిగా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. ఒకే కాడ మీద కింద నీడ ఆకులు, పైన ఎండ ఆకులు. ఆ మొక్కను అప్పుడు మీకు చూపించి ఉంటే రెండు జాతులు అంటు కట్టారా అని అడిగేవారు.

ఇక మీ గట్టు సంగతి. గట్టు మీది చెట్టుకు పక్కనుంచి కూడా వెలుతురు వస్తుంది. కింది కొమ్మలు చావాల్సిన అవసరం లేదు. ఆకు ఎక్కువ ఉంది కాబట్టి మాను ఒళ్లు చేస్తుంది. మధ్యలో ఉన్నదానికి వెలుతురు నెత్తిమీద మాత్రమే. కింది కొమ్మలు నీడలో మాడి రాలిపోతాయి, ఉన్న ఓపికంతా పైకి పోవడానికే పెడుతుంది. దీనికి గాలి కూడా తోడవుతుంది. ఊగే చెట్టు మొదలు లావెక్కుతుంది, ఊగనిది సన్నగానే ఉండిపోతుంది. మేము కొన్ని మొక్కల్ని ప్రేమకొద్దీ వెదురు కర్రలకు బిగించి కట్టి రెండేళ్లు అలాగే ఉంచాం. కట్లు విప్పగానే నేలకు వంగిపోయాయి! కట్టకుండా వదిలేసినవి ఎత్తులో తక్కువున్నా దిట్టంగా నిలబడ్డాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తల్లి ఒకటే అయినా తండ్రులు వేరు. టేకు పూలకు పుప్పొడి పురుగులే మోసుకొస్తాయి, ఎక్కువగా వేరే చెట్ల నుంచి. కాబట్టి మీ చెట్లు అచ్చంగా ఒకేలాంటివి కావు, పుట్టుకతో వచ్చే తేడా కొంత ఉంటుంది. దాన్ని విడదీసే దారి సులువే. గట్టు మీదివన్నీ ఒకలా, లోపలివన్నీ ఇంకోలా ఉంటే అది చోటు చేసిన పని. ఒకే వరసలో, ఒకే మట్టిలో పక్కపక్కనున్న రెండు చెట్లు వేరుగా ఉంటే అప్పుడు పుట్టుకను అనుమానించాలి. మీరు చెప్పింది మొదటి రకం.

వయసు విషయానికొస్తే నాకు చాలా కాలం అర్థం కాని సంగతొకటి ఉంది. చెట్టులో అన్ని భాగాలకూ వయసు ఒకటే ఉండదు. క్యాలెండర్ ప్రకారం మొదలే పాతది, కానీ స్వభావంలో మొదలు దగ్గర నుంచి లేచే పిలక పసిది, కొమ్మ చివర ముదురు. మోడు మీద పిలకలకు అంతంత ఆకులు రావడానికి ఇదొక కారణం. రెండోది, పాత వేరువ్యవస్థ మొత్తం ఆ నాలుగు పిలకలకే నీళ్లు తోడుతుంది. కొమ్మ ముక్కలు నాటినప్పుడు పిలకలవి తేలిగ్గా వేళ్లూనుకుని, ముసలి చెట్టు పైకొమ్మవి మొండికెయ్యడం కూడా ఇందుకే. మామిడి అంటు మూడు నాలుగేళ్లకే పూస్తే, టెంక నుంచి వచ్చినది అంతకు చాలా ఏళ్లు ఎక్కువ తీసుకుంటుంది. అంటుకు పెట్టిన పుల్ల అప్పటికే కాపు కాసిన చెట్టుది మరి. దాని బాల్యం ఎప్పుడో అయిపోయింది. నిమ్మజాతి అంట్లలో అంటు కింది నుంచి నిండా ముళ్లతో ఓ పిలక రివ్వున లేస్తుంది చూడండి, అదీ కింది మొక్క పసితనమే.

ముళ్లంటే గుర్తొచ్చింది, బూరుగ మాను లేతగా ఉన్నప్పుడు శంఖాల్లాంటి ముళ్లతో నిండి ఉంటుంది, ముదిరాక అవి పల్చబడతాయి. లేత పనస మొక్క ఆకు అంచులు చీలికలుగా ఉంటాయి, పెద్ద చెట్టు ఆకు నున్నటి అంచుతో ఉంటుంది. ఆస్ట్రేలియా తుమ్మకైతే మొలిచిన కొత్తలో చింతాకు లాంటి చిన్న చిన్న ఆకులు వస్తాయి, తర్వాత కొడవలి ఆకారంలో వచ్చేవి నిజానికి వెడల్పైన ఆకుకాడలు. ఆ మారే దశలో ఒకే కాడకు చివర చిన్నాకులు, మొదలు దగ్గర కొడవలి కలిసి కనిపిస్తాయి. చేతిలో పట్టుకుని చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

మీ రెండో ప్రశ్న చెక్క గురించి. ఏడేళ్ల టేకు దుంగ అడ్డంగా కోస్తే మధ్యలో కాస్త చేవ, చుట్టూ వెడల్పుగా లేతరంగు చెక్క కనిపిస్తాయి. చేవ అంటే నీళ్లు మొయ్యడం మానేసి, పురుగునూ బూజునూ తట్టుకునే పదార్థాలు నింపుకున్న పాత చెక్క. అది ఏళ్లు గడిస్తేనే పేరుకుంటుంది. పచ్చి కోతలో దాని బంగారు రంగులో కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, గాలి తగిలాక గోధుమరంగుకు తిరుగుతుంది. కోసిన రోజే రంగు చూసి నాణ్యత లేదని తీర్మానించినవాళ్లను చూశాను.

రంగు కంటే ముఖ్యమైన తేడా కంటికి కనపడదు. చెట్టు చిన్నప్పుడు వేసిన చెక్కలో కణాల గోడల్లోని సన్నటి పోగులు ఎక్కువ వాలుగా చుట్టుకుని ఉంటాయి. అందుకే ఆ పలక ఆరేటప్పుడు పొడవులో కూడా కాస్త కుంచించుకుపోయి మెలి తిరుగుతుంది. నీళ్లు మోసే గొట్టాలు కూడా నడిబొడ్డు దగ్గర సన్నగా, బెరడు వైపు లావుగా ఉంటాయి. అప్పట్లో చెట్టు పొట్టి కాబట్టి సన్న గొట్టం సరిపోయేది. ఎత్తు పెరిగేకొద్దీ మాను మొదలు దగ్గర లావు గొట్టాలు కావాలి. బాల్సా లాంటి తొందరగా పెరిగే జాతుల్లో నడిబొడ్డు చెక్క బాగా తేలిగ్గా ఉండి, బయటికొచ్చేకొద్దీ బరువెక్కుతుంది. కాబట్టి లేత చెట్టు చెక్కను తూచి ఇదీ ఈ జాతి సాంద్రత అంటే తప్పవుతుంది. టేకు వేగంగా పెరిగితే చెక్క పనికిరాదని కొందరంటారు. నేను చూసినంతలో టేకులో వేగం కంటే వయసే ఎక్కువ తేడా తెస్తుంది. మీ గట్టు చెట్లతో అసలు ఇబ్బంది వేరే ఉంది. కొమ్మలు చెక్కలో కూరుకుపోయి ముడులవుతాయి.

వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పేద్దాం అనుకుంటే అక్కడా జాగ్రత్త. టేకు ఎండాకాలం ఆకు రాల్చి ఆగుతుంది, మళ్లీ మొదలైనప్పుడు ముందు లావు గొట్టాల వరస వేస్తుంది. అది మామూలు కంటికే చుక్కల గీతలా కనిపిస్తుంది. కానీ ఎదిగే కాలం మధ్యలో ఆకుతినే పురుగు పడి చెట్టును బోడి చేస్తే ఆ ఏడు రెండు వలయాలు పడొచ్చు. నీళ్లు ఏడాదంతా అందితే గీత మసకబారుతుంది. ఏడాది పొడవునా వానలుండే అడవుల్లో చాలా జాతులకు స్పష్టమైన వలయాలే ఉండవు. లావును చూసి వయసు చెప్పడం ఇంకా ప్రమాదం. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 20 పెద్ద చెట్లకు కార్బన్ పరీక్ష చేసి 1998లో వెల్లడించిన ఫలితాల్లో వయసులు 200 నుంచి 1,400 ఏళ్ల దాకా వచ్చాయి, లావుకు వయసుకు పెద్దగా పొంతన లేదు.

చదవడానికి తేలికైన చెట్టు కావాలంటే కొబ్బరి. దాని మాను ఒకసారి తయారయ్యాక మామూలు చెట్లలా ఏటేటా లావెక్కదు, కాబట్టి జరిగిందంతా అలాగే ఉండిపోతుంది. సుమారు నెలకో మట్ట, రాలిన ప్రతి మట్టకూ ఓ మచ్చ. మచ్చలు దూరం దూరంగా ఉన్నచోట చెట్టు జోరుగా ఎదిగింది. పైకి పోయేకొద్దీ దగ్గరపడ్డాయంటే ముదిరింది. మధ్యలో నడుములా సన్నబడిందంటే ఆ ఏళ్లలో నీరో ఎరువో కరువైంది. టేకు ఇంత నిజాయితీగా చెప్పదు.

మీరు చెయ్యాల్సింది చెప్తాను. గట్టు మీద మూడు, లోపల మూడు చెట్లు ఎంచుకోండి. ప్రతిదానికీ పైన ఎండ తగిలే కొమ్మ నుంచి, కింద నీడలో నుంచి ఐదేసి ముదురాకులు కోయించండి. పిలకల జోలికి పోవద్దు. చిగురు నుంచి ఒకటే వరస ఆకులు తీసుకోండి, అంటే అన్నిట్లోనూ మూడో జతే అనుకోండి. చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర తియ్యండి, అక్కడ ముడి ఉంటే కొంచెం పైన తీసి ఆ సంగతి రాసుకోండి. పై ఆకుల్ని పై ఆకులతో, కింది వాటిని కింది వాటితో పక్కపక్కన పరిచి ఫోటో తీసి పెట్టండి, ఏది ఎక్కడిదో చీటీ రాసి మరీ. అప్పటికీ ఒకే వరసలోని రెండు చెట్ల పై ఆకులు కలవకపోతే లేతాకు నలిపి వేళ్ల రంగు కూడా చెప్పండి, చూద్దాం.